"బెడ్ దండగ" అన్న రాత్రి

తొమ్మిదేళ్లుగా ఇది రాయలేకపోయాను. భయం తగ్గింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. కోపం మాత్రం తగ్గలేదు.

జ్వరాలు, బరువు తగ్గడం, రక్తపరీక్షలు, అవన్నీ వదిలేస్తాను. హెచ్ఐవీ అని తేలేసరికి నా సీడీ4 కౌంట్, అంటే రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క, 42. అది 200 కంటే దిగిపోతే, మామూలు మనుషుల జోలికి రాని క్రిములు కూడా మీద పడతాయి. నాకు న్యుమోసిస్టిస్ న్యుమోనియా అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. పొడి దగ్గు. మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఆయాసం.

వార్డులో మూడో రాత్రి. మాస్కులో నా ఊపిరే నాకు పెద్ద చప్పుడుగా వినిపిస్తోంది. పరదా అవతల డ్యూటీ డాక్టర్ ఎవరితోనో అన్నాడు: "ఈమెకి ఐసీయూ బెడ్ దండగ. ఎలాగూ పోయే మనిషే." రెండడుగుల దూరం లేదు మా మధ్య. నాకు వినబడుతుందని తోచలేదో, వినబడినా ఏమైందనుకున్నాడో. అరుద్దామంటే ఊపిరి లేదు. తెల్లారేదాకా ఒక్కటే వేడుకున్నాను: స్వామీ, ఇతని మాట నిజం చేయకు.

పొద్దున్నే ఒక అక్క వచ్చింది. పీర్ కౌన్సెలర్, అంటే తోటి రోగులకు ధైర్యం చెప్పే మనిషి, ఆమెదీ నా జబ్బే. నా అరికాళ్లు చల్లబడ్డాయని తన కొంగులో చుట్టి పట్టుకుంది. "నా సీడీ4 60 ఉండేదమ్మా, ఇప్పుడు 500 దాటింది. నువ్వు మందులు వేసుకో, మిగతావాళ్లతో నేను మాట్లాడతా." మాట్లాడింది, పోట్లాడింది కూడా. కో-ట్రైమోక్సజోల్ అనే ఎప్పటిదో పాత మందుతో 21 రోజుల్లో లేచి కూర్చున్నాను. ఆ డాక్టర్‌కి ఇది తెలియదా? తెలిసే అన్నాడా? ఇప్పటికీ అర్థం కాదు.

హెచ్ఐవీని అణచిపెట్టే మందులు, ఏఆర్‌టీ, మొదలుపెట్టిన ఆరు నెలలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు దొరకనంత తగ్గిపోయింది. మందులు మానకుండా అలాగే ఉంచుకుంటే శృంగారం ద్వారా ఎవరికీ సోకదు. గ్లాసుల వల్ల, పక్కన కూర్చోవడం వల్ల అసలెప్పుడూ సోకదు. మా వదిన మాత్రం ఇంకా నా గ్లాసు వేరేగానే పెడుతోంది. ఆమెను క్షమించాను అనలేను.

అక్క దగ్గరే నేర్చుకుని నేనూ కౌన్సెలర్‌నయ్యాను. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మా పని మీదే ముందు కోత పడేది, ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసింది. 2003లో మొదలై, రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని వాళ్లే చెప్పుకున్న పెప్‌ఫార్ అనే అమెరికా హెచ్ఐవీ సాయ కార్యక్రమం కూడా అందులో చిక్కుకుంది. ప్రాణాధార చికిత్సకు మినహాయింపు అని తర్వాత అన్నారు. కానీ అప్పటికే మా ప్రాజెక్టు మూతపడింది, అక్క ఉద్యోగం పోయింది. సీసాలో మాత్రలున్నా, తెల్లారగట్ల వచ్చి కాళ్లు పట్టుకునే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఆ నెల నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. అప్పుడు అక్కే దక్షిణాఫ్రికా సంగతి గుర్తుచేసింది. హెచ్ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అని అక్కడ అధ్యక్షుడే సందేహాలు లేవనెత్తిన రోజుల్లో, మందుల కోసం పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ వాళ్లు కోర్టుకెక్కారు. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా చూసే నెవిరపిన్ మందును గర్భిణులకు ఇచ్చి తీరాలని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. "వాళ్లలో ఎంతోమంది మనలాంటి రోగులే కదా," అంది.

దయచేసి ఒక మాట వినండి. మందులిచ్చే సెంటర్ మూతపడుతుందేమోనని మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోకండి, ఇంకొకరితో పంచుకోకండి. వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. మీ చికిత్స కార్డు, రిపోర్టులు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రాజెక్టు ఆగిన రోజు నా నోటుబుక్కులో 31 పేర్లున్నాయి. అక్కా నేనూ సొంత ఫోన్లతోనే పిలుస్తున్నాం. 29 మంది మందులు తీసుకుంటున్నారు. ఇద్దరు ఫోన్ ఎత్తడం లేదు. రేపు పొద్దున్నే వాళ్లిళ్లకు వెళ్తున్నాం.