ఐరావతం ఇంకా ఐరావతమేనా?

2024లో ఒకరోజు మా అక్క కొడుకు నా టేబుల్ దగ్గర నిలబడి మామూలుగానే ఒక ప్రశ్న వేశాడు. "మామయ్యా, నీ కంప్యూటర్ ఎన్నేళ్లది?" పదమూడేళ్లు అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ ముందు వారమే క్యాబినెట్ కూడా మార్చేశాను. వాడు చూస్తున్న ఆ నల్లటి డబ్బా వయసు ఏడు రోజులు.

2011లో విడిభాగాలు తెచ్చుకుని నా చేతులతో నేనే బిగించుకున్న మెషీన్ అది. తెల్ల క్యాబినెట్, ఒక్కడు ఎత్తితే నడుం పట్టేసే బరువు. అందుకే ఐరావతం అన్నాను. విండోస్ బదులు వాడే లైనక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఈ కంప్యూటర్‌ని ఏమని పిలవాలి అని అడుగుతుంది కదా, అక్కడా అదే కొట్టాను. ఐ5-2400 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డ్, నాలుగు జీబీల డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, ఒక డీవీడీ రైటర్. అప్పట్లో నాకది ఏనుగే.

మొదట్లో మార్పులన్నీ మందూమాకూ లాంటివి. 2013లో ఇంకో నాలుగు జీబీల ర్యామ్. మరుసటి ఏడు లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కాలిపోతే కొత్తది. 2016లో హార్డ్ డిస్క్ లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు విన్నవాళ్లకి తెలుసు, ఇక ఎక్కువ రోజులు లేవని. ఫైళ్లన్నీ గబగబా బయటికి లాగి, తిరిగే భాగాలు లేని 240 జీబీ ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టి, లైనక్స్ మళ్లీ మొదట్నుంచి ఎక్కించాను. పేరు అడిగింది, ఐరావతం అన్నాను. చెయ్యి అలవాటుగా కొట్టేసింది. ఇది వేరే కంప్యూటరేమో అన్న అనుమానమే రాలేదు. 2018లో కొత్త మానిటర్‌ని దాని పూర్తి రిజల్యూషన్‌లో చూపించలేకపోతోందని జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డు చేర్చాను. అదీ అంతే, కళ్లజోడు పెట్టించినట్టు.

నాకు మొదటిసారి తల తిరిగింది 2020లో. ఎస్ఎస్‌డీ నిండిపోయింది, 500 జీబీది తెచ్చాను. ఈసారి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఓపిక లేక, పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి క్లోన్ చేశాను. ఒక్కో బిట్టూ అచ్చుగుద్దినట్టు దిగుతుంది. పని అయ్యాక పాత డిస్క్ తీయడానికి బద్ధకించి రెండూ అలాగే వదిలేశాను. మధ్యాహ్నం అంతా కూర్చుని ఒక అనువాదం పూర్తి చేశాను, పన్నెండు పేజీలు. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే ఆ పన్నెండు పేజీలు లేవు. ఫైల్ ఉంది, అందులో మొన్నటి మాటలే ఉన్నాయి. నిన్న అనేది జరగనట్టే ఉంది.

చెమటలు పట్టాక, ఓ గంట తర్వాత అర్థమైంది. లైనక్స్ డిస్క్‌ని గుర్తుపట్టేది యూయూఐడీ అనే పొడవాటి సంఖ్యతో. క్లోన్ చేసినప్పుడు ఆ సంఖ్య కూడా నకలు అయిపోయింది. కంప్యూటర్ ఆన్ అవుతూ "ఫలానా యూయూఐడీ ఎవరు?" అంటే రెండు డిస్కులూ "నేనే" అంటున్నాయి. ఏది ముందు పలికితే దానిమీద నడుస్తోంది. నిన్న పాతది పలికింది, ఇవాళ కొత్తది పలికింది. నా పన్నెండు పేజీలూ పాత డిస్క్‌లో క్షేమంగా ఉన్నాయి. ఫైల్ సిస్టమ్ ఎప్పుడు పుట్టిందో చూపించే ట్యూన్2ఎఫ్ఎస్ అనే కమాండ్ ఒకటుంది. కొట్టి చూశాను. రెండింటిలోనూ 2016లో ఒకే తేదీ, గంటా నిమిషం సెకనుతో సహా. నేను ఆ వారమే డబ్బా చించి బయటికి తీసిన ఎస్ఎస్‌డీ కూడా నాలుగేళ్ల కిందట పుట్టానని చెబుతోంది! చివరికి అదే కమాండ్‌తో పాతదానికి వేరే యూయూఐడీ ఇచ్చి, పీకి, సొరుగులో పెట్టాను. ఆ రోజు ఐరావతం కాసేపు రెండుగా ఉంది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఇక 2022. కౌపీన సంరక్షణార్థం కథ తెలుసుగా. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని మేపడానికి మనిషి, చివరికి పెళ్లీ సంసారం. నాకు కావలసింది ర్యామ్ మాత్రమే. 32 జీబీ ఉంటే బాగుండుననుకున్నాను. హెచ్61 బోర్డుకి ఉన్నవి రెండే స్లాట్లు, 16 జీబీ దాటదు. సరే బోర్డు మారుద్దామంటే, కొత్త బోర్డు సాకెట్లో పాత ప్రాసెసర్ కూర్చోదు. దానికి అడుగున 1155 కాంటాక్టులు, కొత్త బోర్డుకి ఉండే ఏఎం4 సాకెట్‌కి 1331 రంధ్రాలు. ప్రాసెసర్ కూడా మారుద్దామంటే పాత ర్యామ్ ఎక్కదు. పాత డీడీఆర్3కి 240 పిన్నులు, కొత్త డీడీఆర్4కి 288, పైగా గాడి వేరేచోట ఉంటుంది, బలవంతంగా నొక్కినా దిగదు. కొత్త ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. అందులోనే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డూ అక్కర్లేకుండా పోయింది. ర్యామ్ కోసం బయల్దేరి గుండె, మెదడు, వెన్నెముక మార్చుకుని వచ్చాను.

కొత్త బోర్డు పాత తెల్ల క్యాబినెట్‌లో చక్కగా కూర్చోవడం మాత్రం ముచ్చటేసింది. 1995లో ఇంటెల్ మదర్‌బోర్డులకి ఏటీఎక్స్ అనే కొలతలు తెచ్చింది. మర రంధ్రాలు ఎక్కడుండాలో అప్పుడు రాసి పెట్టిన లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. ఇలా ముక్కముక్కగా మార్చుకోగలుగుతున్నామంటే దాని చలవే.

స్విచ్ నొక్కాను. లైనక్స్ ఏమీ జరగనట్టు లేచింది. అదే వాల్‌పేపర్, బ్రౌజర్లో నిన్నటి ట్యాబులన్నీ, ఎడమ మూల నేను ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయిన నోట్‌తో సహా. కింద ఉన్న భూమి మొత్తం మారిపోయింది, పైన ఇల్లు కదల్లేదు. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. పాత బోర్డులో నెట్‌వర్క్ పోర్టు పేరు ఎన్‌పీ2ఎస్0, కొత్తదాంట్లో ఎన్‌పీ4ఎస్0. సెట్టింగులన్నీ లేని మనిషి పేరు మీద రాసున్నాయి. రూటర్ దగ్గరా అంతే. ఐరావతానికని అట్టేపెట్టిన అడ్రస్ పాత బోర్డు నెట్‌వర్క్ పోర్టుకి ఉండే మ్యాక్ అనే గుర్తింపు నంబర్ మీద ఉంది, కాబట్టి దాని లెక్కలో వచ్చినవాడు ఎవడో కొత్తవాడు.

ఒక పాత సాఫ్ట్‌వేర్ కోసం వేరే పార్టిషన్‌లో విండోస్ 10 ఉంచుకున్నాను. అది ఇంకా స్పష్టంగా చెప్పింది: యాక్టివేట్ కాలేదు. ఆ లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సుల విషయంలో మైక్రోసాఫ్ట్ చాలాకాలం కిందటే తేల్చి చెప్పింది, బోర్డు చెడిపోయినందుకు కాకుండా మెరుగైనది కావాలని మారిస్తే కొత్త కంప్యూటర్ తయారైనట్టే అని. నాకు నవ్వొచ్చింది. అంటే ఒకే బోర్డు, ఒకే స్క్రూడ్రైవర్, కానీ పాతది కాలిపోయి మార్చానా, మోజుపడి మార్చానా అన్నదాన్ని బట్టి కంప్యూటర్ పాతదో కొత్తదో తేలుతుందన్నమాట. వస్తువు గుర్తింపు నా మనసులోని ఉద్దేశం మీద ఆధారపడుతుందని ఏ తత్వవేత్తా ఇంత తాపీగా చెప్పినట్టు లేదు.

అంతకుముందు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ పద్ధతి వేరు. అది ఓట్ల లెక్క. ప్రాసెసర్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ వగైరా పది గుర్తులు చూసేది. ఒకటీ రెండూ మారితే సర్దుకుపోయేది, మరీ ఎక్కువ మారితే ఎవరు నువ్వు అని అడిగేది. నెట్‌వర్క్ కార్డు మారకుండా ఉంటే దానికి మూడు ఓట్లు. ఇందులో ఏదో పెద్దమనిషి తరహా ఉంది, నాకు నచ్చింది.

మా అమ్మకి ఈ గొడవేమీ లేదు. ఆవిడ దృష్టిలో ఆ డబ్బాయే సీపీయూ. తెల్ల డబ్బా ఉన్నంతకాలం అదే కంప్యూటర్. లోపల అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్, మారిన రోజు ఆవిడకి తెలియనే లేదు. రెండేళ్ల తర్వాత పవర్ బటన్ ఇరుక్కుపోయి క్యాబినెట్ మారిస్తే, "కొత్త కంప్యూటర్ కొన్నావా?" అంది.

ఇలాంటి చర్చ రాగానే అందరూ థీసియస్ ఓడని లాక్కొస్తారు. ఏథెన్స్ వాళ్లు పుచ్చిన చెక్కల్ని ఒక్కొక్కటే మార్చుకుంటూ దాన్ని నిలబెట్టారని, అది ఇంకా అదే ఓడా కాదా అని వాదించుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాకు మాత్రం నాగసేనుడి దీపం ఎక్కువ ఇష్టం. మిళిందుడనే గ్రీకు రాజుకి ఆ బౌద్ధ భిక్షువు చెప్పిన మాట. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము జ్వాలా, చివరి జాము జ్వాలా ఒకటేనా? కాదు. మరి రెండు వేరే దీపాలా? అదీ కాదు, ఆ ఒక్క దీపాన్ని ఆశ్రయించే రాత్రంతా వెలుగు. చదివినప్పుడు ఇదే నా జవాబు అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. దీపం ఆరలేదు కదా. నేను ఐరావతాన్ని రోజూ రాత్రి ఆపేస్తాను. ర్యామ్‌లో ఉన్నదంతా ఆవిరైపోతుంది. పొద్దున మళ్లీ డిస్క్ చదువుకుని తనెవరో గుర్తుచేసుకుంటుంది. ఆ లెక్కన నాది రోజూ కొత్త కంప్యూటరే. ఈ దారిలో వెళితే తిక్క పడుతుందని మానేశాను.

ఓడ కథకి 1655లో ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ చేర్చిన మెలిక ఒకటుంది. తీసేసిన పాత చెక్కల్ని ఎవరో దాచి, అదే వరసలో మళ్లీ ఓడ కడితే అసలుది ఏది? నాకు ఇదెప్పుడూ కొంచెం బలవంతపు ఉదాహరణ అనిపించేది. పుచ్చిన చెక్కలతో ఓడేం తేలుతుంది?

కానీ నా అటక మీద జరిగింది అచ్చం అదే. 2024లో క్యాబినెట్‌తో పాటు పదేళ్ల ఎస్ఎంపీఎస్ కూడా మార్చాను. తీసిన వస్తువులు ఒకచోట పెడుతుంటే కళ్లకి కట్టింది. తెల్ల క్యాబినెట్ ఉంది. ఎస్ఎంపీఎస్ ఉంది. హెచ్61 బోర్డు, దానిమీద ఇంకా ఐ5, రెండు ర్యామ్ కార్డులు ఉన్నాయి. జీటీ 1030 ఉంది. సొరుగులో 240 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది, 2020లో ఆ మధ్యాహ్నం వరకు నా జీవితమంతా అందులో ఉంది. అన్నీ కలిపితే ఒక కంప్యూటర్.

నాకు తోచినంతవరకు ఐరావతం కొత్తదైపోయిన రోజు అదే. బోర్డు మార్చిన రోజు కాదు. కాలిపోయిన ఎస్ఎంపీఎస్, టక్ టక్ మన్న హార్డ్ డిస్క్ తీసేసినప్పుడు బయటికి వెళ్లింది తుక్కు. తుక్కుకి పేరు అక్కర్లేదు, కాబట్టి పేరు ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు బయట ఉన్నది తనంతట తాను లేచి నిలబడగలదు. పేరు అడగడానికి ఇంకొకరు వచ్చారు.

మా అక్క కొడుక్కి కంప్యూటర్ నేర్చుకోవాలని ఉంది. "దీన్ని బిగించుకుందామా?" అంటే ఎగిరి గంతేశాడు. సాయంత్రం ఇద్దరం నేలమీద కూర్చున్నాం. బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ చచ్చిపోయింది, అది మార్చాం. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది, గీకి కొత్తది రాశాం. వాడు మరలు బిగిస్తూ అడిగాడు.

"అయితే మామయ్యా, ఐరావతం ఇదా, అదా?"

"పనిచేస్తుందో లేదో చూడనీ ముందు."

"నీదాంట్లో 2011 నాటిది అసలేమైనా మిగిలిందా?"

డీవీడీ రైటర్ కొత్త క్యాబినెట్‌లో చోటులేక ఇటే వచ్చేసింది. ఆలోచించి, టేబుల్ కిందకి వంగి వెతికాను. ఉంది. పవర్ కార్డు. గోడ ప్లగ్గు నుంచి ఎస్ఎంపీఎస్‌కి వెళ్లే నల్ల తీగ. ఆ సాకెట్ ఆకారం మారలేదు కాబట్టి ఎప్పుడూ మార్చాల్సిన అవసరం రాలేదు. కొత్త ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన తీగ డబ్బాలో అలాగే మడతపెట్టి ఉంది.

అంతా బిగించాక చూస్తే తెల్లదానికి లేనిది అదొక్కటే. నేను నా పని సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, ఆ తీగ పీకి వాడికిచ్చాను. కొత్త తీగ నాదానికి పెట్టుకున్నాను.

వాడు ఇరుక్కుపోయే ఆ పవర్ బటన్‌ని చూపుడువేలితో గట్టిగా నొక్కాడు. ఫ్యాన్ రొద మొదలైంది. రెండు సెకన్ల తర్వాత క్యాబినెట్ లోపలి బుల్లి స్పీకర్ ఒక్కసారి "బీప్" అంది. కొత్త బోర్డుకి దాన్ని తగిలించలేదు, రెండేళ్లుగా ఆ చప్పుడు ఇంట్లో వినబడలేదు.

పక్కగది నుంచి మా అమ్మ కేకేసింది. "ఈ వేళప్పుడు మళ్లీ నీ కంప్యూటర్ ముందు కూర్చున్నావా?"