ఉప్పు, బొగ్గు, నాలుగు బిందెల నీళ్లు

కొత్త ఎలక్ట్రిక్ కారు ఇంటికి వచ్చిన సాయంత్రం అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది, కొబ్బరికాయ కొట్టించింది, దిష్టి తీసింది. అందరూ లోపలికి వెళ్లాక నేను చార్జింగ్ తీగ తెచ్చి వరండాలోని పవర్ ప్లగ్గులో పెట్టాను. తీగ మధ్యలో ఉన్న డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎరుపే. బ్యాటరీలో 34 శాతం ఉంది. అది శుక్రవారం. సోమవారం పొద్దున మా ఆవిడ ధర్మవరం వెళ్లాలి.

అంతకుముందు ఆరు నెలలపాటు నేను చదివిందంతా రేంజి గురించే, అంటే ఒకసారి నింపితే ఎంత దూరం వెళుతుందనే. ఎక్కడ చూసినా అదే చర్చ కదా. మా ఆవిడ ధర్మవరంలో బ్యాంకు ఉద్యోగి. మాది అనంతపురం. రానూపోనూ రోజుకు దాదాపు 85 కిలోమీటర్లు. పాత పెట్రోలు కారుకు నెలకు పదిహేను, పదహారు వేల రూపాయలు పోసేవాళ్లం. మధ్యలో అమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చి, కిందికి కూర్చున్నట్టుండే ఆ చిన్న కారులోకి ఎక్కడం, దిగడం కష్టమైంది. కాస్త ఎత్తుగా ఉండే బండి కావాలి, నెల ఖర్చు తగ్గాలి, బెంగళూరులో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి రావాలి. మాకు కావలసింది ఇంతే.

అప్పట్లో మా బడ్జెట్టులో ఉన్న ఎలక్ట్రిక్ కార్లను ఒక కాగితం మీద రాసుకున్నాను. పంచ్ ఈవీలో 25, 35 యూనిట్ల బ్యాటరీలు. విండ్సర్‌లో 38. ఎక్స్‌యూవీ 400లో 39.4. నెక్సాన్ ఈవీలో 45. కిలోవాట్-అవర్ అని రాసి ఉంటుంది గానీ అది మన మీటరులో తిరిగే యూనిట్టే. ఈ సంగతి అర్థమైన రోజు నాకు సగం భయం పోయింది. ఎన్ని యూనిట్లు పడతాయి, యూనిట్టుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఈ రెండూ తెలిస్తే మిగతాదంతా ఎక్కాల పుస్తకం. ధర్మవరానికి మాత్రమే అయితే 35 యూనిట్లది హాయిగా సరిపోయేది. బెంగళూరు కోసం 45ది, అంటే నెక్సాన్, తీసుకున్నాం.

ప్రకటనలో దానికి 489 కిలోమీటర్లు అని ఉంటుంది. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, తక్కువ సగటు వేగంతో తిప్పి తేల్చిన లెక్క. రోడ్డు మీద 350 పైచిలుకు రావచ్చని కంపెనీయే వేరుగా చెబుతుంది. మాకు ఊళ్లో 330, హైవే మీద ఏసీ వేసుకుని 80, 90 వేగంతో వెళితే 300 వస్తున్నాయి. ఇంతవరకూ నేను ముందే లెక్క కట్టుకున్నాను, పెద్దగా తప్పలేదు. లెక్కలో లేనిది మా ఇల్లు.

శనివారం మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆయన ప్లగ్గులో మీటరు పెట్టి మూడు కొలతలు తీశాడు. ఫేజు కరెంటు తెచ్చే వైరు, న్యూట్రలు దాన్ని వెనక్కి తీసుకెళ్లేది, ఎర్తు లీకైన కరెంటును నేలలోకి పంపేది. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 228 వోల్టులు. బాగానే ఉంది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, 180 వచ్చింది. న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య మూడు, నాలుగు వోల్టులు మించకూడదు, అక్కడ 40 దాటింది. "సార్, మీ ఇంటికి ఎర్తు లేదు" అన్నాడు. ఎర్తు పిన్నులోకి ఆకుపచ్చ వైరు వెళ్తోందని చూపించాను. "వైరు ఉంది సార్, అది ఎక్కడికి వెళ్తోందో చూద్దాం" అని గోడ వెంట నడిచాడు.

అది స్నానాల గది పక్కన కుళాయి పైపు దగ్గర తేలింది. నాన్న ఇల్లు కట్టించిన 1994లో ఆ పైపు ఇనుముది. నేలలోకి చాలా దూరం పోయేది కాబట్టి ఎర్తు వైరును దానికే చుట్టేశారు. ఏడేళ్ల కిందట తుప్పు పట్టిందని నేనే దగ్గరుండి ఆ పైపు తీయించి ప్లాస్టిక్‌ది వేయించాను. ఇప్పుడు ఆ ఆకుపచ్చ వైరు ప్లాస్టిక్ పైపుకు భక్తిగా మూడు చుట్లు చుట్టుకుని ఉంది. ఏడేళ్లుగా మా ఫ్రిజ్జు, గీజరు, వాషింగ్ మిషను అన్నీ ఎర్తు లేకుండానే నడిచాయి. అవేవీ నోరు విప్పలేదు. కారు తీగ మాత్రం ఎర్తు చూసుకున్నాకే కరెంటు తీసుకుంటుంది.

ఎర్తు పిన్నును న్యూట్రలుకు కలిపేస్తే దీపం పచ్చగా మారుతుందని ఒక బంధువు ఫోనులో సలహా ఇచ్చాడు. నిజమే, మారుతుంది. కానీ ఎప్పుడైనా న్యూట్రలు తెగితే కరెంటు వెనక్కి పోయే దారి లేక కారు ఒళ్లంతా పాకుతుంది. తలుపు పట్టుకున్నవాళ్లకు షాకు. ఎలక్ట్రీషియన్‌తో ఈ మాట అంటే ఆయన సంచి సర్దుకోబోయాడు. ఈ పని ఎవరైనా చేసి పెడతామంటే ఒప్పుకోకండి.

ఇక ఎర్తు కోసం గుంత తవ్వాలి. అనంతపురం నేల గురించి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. పైన రెండడుగులు ఎర్ర మన్ను, దాని కింద గరుసు, ఆ కింద రాయి. దేశంలో జైసల్మేర్ తరవాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. కరెంటును నేల పుచ్చుకోవాలంటే తడి ఉండాలి. ఎండిన గరుసు కరెంటును లోపలికి రానివ్వదు. గేటు పక్కన తవ్వితే నాలుగున్నర అడుగుల దగ్గర గునపం ఖంగుమంది. రెండోసారి కరివేపాకు చెట్టు పక్కన మొదలుపెట్టారు. అక్కడ అంట్ల నీళ్లు పోయేవి కాబట్టి మన్ను మెత్తగా దిగింది. ఎనిమిది అడుగులు వెళ్లారు. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు నిలబెట్టి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర రాళ్ల ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తడిలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. అదే ఉప్పు కొన్నేళ్లకు పైపును తింటుందట, అప్పుడప్పుడు కొలిపించుకోమన్నాడు. బస్తాలతో ఉప్పు దిగుతుంటే పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, మీ ఇంట్లో ఏదైనా శాంతి చేయిస్తున్నారా అని అమ్మను అడిగింది.

పైపు పెట్టిన సాయంత్రం న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే 11 వోల్టులు. నా మొహం చూసి ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "నీళ్లు పోయండి సార్, రేపు పొద్దున చూద్దాం" అన్నాడు. నాలుగు బిందెలు పోశాం. మర్నాడు మూడు వోల్టులు చూపించింది. మీటరు దగ్గర నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, దాని మీద కరెంటు మితిమీరితే ఆపేసే వేరే ఎంసీబీ, లీకైతే ఆపేసే ఒక ఆర్‌సీసీబీ, కరిగిపోని ఇనప పెట్టెలాంటి ప్లగ్గు వేశాడు. గంటల తరబడి 14 ఆంపియర్లు పోయే చోట మామూలు గోడ ప్లగ్గు కొన్ని వారాలకే కమిలిపోతుంది. అంతా కలిపి 18,000 రూపాయలు అయింది. కారు ధరలో ఎవరూ లెక్కెయ్యని ఈ మొత్తాన్ని మీరు ముందే లెక్కేసుకోండి. ఆకుపచ్చ దీపం వెలిగింది బుధవారం. ఆ మూడు రోజులూ ఆవిడ బస్సులో వెళ్లింది. బస్సే నయమని రెండుసార్లు అన్నది కూడా.

లోడు సంగతి మరొకటి. మా ఇంటికి మంజూరైన లోడు, అంటే ఒకేసారి వాడుకోవడానికి కరెంటువాళ్లు ఒప్పుకున్నది, 2 కిలోవాట్లు. కారు ఒక్కటే 3.3 లాగుతుంది. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, 5 కిలోవాట్లకు పెంచుకున్నాం. కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి ఇంటి కాగితాలు నాన్న పేరు మీద ఉన్నాయన్నారు, రెండోసారి అధికారి లేరు, మూడోసారి కంప్యూటర్ పనిచేయలేదు. ఇంతకంటే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

త్వరగా నింపే 7.2 కిలోవాట్ల గోడ చార్జరు పెట్టించుకోమని చాలామంది చెప్పారు. ఆ జోలికి పోలేదు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే, వేడిగా పోయేది పోగా బ్యాటరీలోకి 26 యూనిట్లు చేరతాయి. అంటే 180 కిలోమీటర్లు. ఆవిడ తిరిగేది 85. ఖాళీ బ్యాటరీ నిండడానికి పదిహేను గంటలు పడుతుందన్న మాట వినగానే భయమేస్తుంది గానీ, రోజూ ఖాళీ చేసేదెవరు? ఒకరోజు గాలివానకు రాత్రంతా కరెంటు పోయింది. అయినా మర్నాడు ఆవిడ వెళ్లి వచ్చింది.

బిల్లు విషయంలో మాత్రం షోరూముల్లో చెప్పే రూపాయికి కిలోమీటరు లెక్కను సగమే నమ్మండి. మన రాష్ట్రంలో ఇంటి మీటరుకు శ్లాబులు ఉంటాయి. 225 యూనిట్లు దాటితే యూనిట్టు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. ఇంటి వాడకం మీద కారువి నెలకు 330 యూనిట్లు చేరితే అవన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి. మాకు మూడు వేలు పెరిగింది. పదహారు వేల పెట్రోలు పోయి మూడు వేల కరెంటు వచ్చింది కాబట్టి ఫిర్యాదేమీ లేదు. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు మాత్రం కారుకు పెట్టిన అదనపు ధర తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. వాళ్లు తొందరపడక్కర లేదని నా అభిప్రాయం.

కల్యాణదుర్గం అవతల మా పెదనాన్న ఊరు వెళ్లినప్పుడు చార్జింగ్ పెట్టుకోవచ్చా అని అడిగాను. "ఎంత లాగుతుంది?" అన్నాడు. అయిదు హార్సుపవర్ల మోటారు కంటే కొంచెం తక్కువన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాటతో ఆయనకు నా కారు పూర్తిగా అర్థమైంది. అయితే సాయంత్రం వోల్టేజీ పడిపోయి చార్జింగ్ ఆగింది. రాత్రి పదకొండు దాటాక దానంతట అదే మళ్లీ మొదలైంది.

బెంగళూరు మొదటి ప్రయాణం మే నెలలో. 215 కిలోమీటర్లు, వంద శాతం బ్యాటరీ, ధైర్యంగా 110లో పోనిచ్చాను. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ దాటేసరికే శాతం నేను అనుకున్నదాని కంటే బాగా తగ్గింది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. దానికి తోడు ఇంకొకటి నేను మరిచాను. అనంతపురం సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తులో ఉంటే బెంగళూరు 900 పైన ఉంది. నలుగురు మనుషులతో ఆ బండిని అంత ఎత్తుకు ఎక్కించడానికే మూడు యూనిట్లు కావాలి. దారి బల్లపరుపుగా కనిపిస్తుంది కాబట్టి మనకు తెలియదు.

సరిహద్దు దాటాక చార్జింగ్ కోసం ఒక హోటల్ దగ్గర ఆగాం. ఫోనులో రెండు గన్నులూ (కారుకు తగిలించే చార్జింగ్ పిడులు) ఖాళీ అని చూపించింది. తీరా చూస్తే ఒకటి చెడిపోయి ఉంది, రెండోదానికి ఒక టాక్సీ తగిలించి డ్రైవరు భోజనానికి వెళ్లాడు. నలభై నిమిషాలు ఎండలో కూర్చున్నాం. ఆ సంస్థ యాపులో ముందు డబ్బు వేస్తే గానీ గన్ను పనిచేయదు. ఇలాంటి మూడు యాపుల్లో నా డబ్బు ఇప్పటికీ కొంచెం కొంచెం ఇరుక్కుని ఉంది. మా వంతు వచ్చాక పావుగంటలో చేరాల్సినంత చేరింది. 80 శాతం దాటాక వేగం తగ్గిపోతుంది, ఆపైన అక్కడ కూర్చోవడం దండగ. అమ్మ ఆ ఎండలో ఒక్కసారే నోరు తెరిచింది: "పెట్రోలు బంకులో ఇంతసేపు కూర్చోబెట్టేవాళ్లా?" నా దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణం 85 మించకుండా నడిపాను. దిగుడు కూడా కలిసొచ్చింది. ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరేసరికి ఇంకా 31 శాతం ఉంది. అప్పటి నుంచి బెంగళూరుకు వెళ్లేటప్పుడు 90, వచ్చేటప్పుడు మా ఇష్టం. మధ్యలో చార్జింగ్ అవసరం పడలేదు. ఏసీ గురించి చాలామంది భయపడతారు గానీ మా బండిలో అది గంటకు ఒక యూనిట్టు తింటుంది, అంతే. 42 డిగ్రీల ఎండలో దాన్ని ఆపి మిగుల్చుకునే ఏడు కిలోమీటర్లు నాకు వద్దు. శబ్దం లేకపోవడం అందరికీ నచ్చింది, రోడ్డు మీది ఆవులకు తప్ప. వెనక నుంచి వస్తున్నట్టు వాటికి తెలియదు, హారన్ కొడితే తీరిగ్గా తిరిగి చూస్తాయి.

మొదటి ప్రయాణం నుంచి తిరిగొచ్చిన ఆ రాత్రి తీగ పెడితే మళ్లీ ఎర్ర దీపం. గుండె ఆగినంత పనైంది. ప్లగ్గు చూశాను, ఎంసీబీ చూశాను, ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేయబోయాను. అమ్మ వరండాలోకి వచ్చి, "పది రోజులు మనం లేము కదా, దానికి నీళ్లెవరు పోశారు?" అంది. రోజూ పొద్దున తులసికోటకు పోశాక మిగిలిన చెంబుడు ఆ గుంతలో పోస్తోందని నాకు అప్పుడే తెలిసింది. టార్చి పట్టుకుని వెళ్లి నాలుగు బిందెలు పోశాను. గుంత చాలాసేపు గుటగుటమని తాగింది. భోజనం చేసి వచ్చి మళ్లీ పెడితే, పచ్చ దీపం.