హైజ్‌మన్ తిరిగొచ్చింది, గెలుపులు రాలేదు

రెజ్జీ బుష్ హైజ్‌మన్ ట్రోఫీ అందుకున్నది 2005 డిసెంబరులో. వదులుకున్నది 2010 సెప్టెంబరులో. మళ్లీ చేతికొచ్చింది 2024 ఏప్రిల్‌లో. రికార్డు పుస్తకాల్లోంచి కొట్టేశారు గానీ, ఆ సీజన్లో బంతి పట్టుకుని ఆయన పరుగెత్తిన 1,740 గజాలు ఇన్నేళ్లలో పెరగనూ లేదు, తరగనూ లేదు.

తెలియనివాళ్ల కోసం: ఇది హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడి కాలేజీ ఆటగాళ్లలో ఏటా ఒక్కరికి ఇచ్చే అవార్డు హైజ్‌మన్. 1935 నుంచి ఇస్తున్నారు. ఇరవై కిలోల పైచిలుకు కంచు బొమ్మ, ఒకటి ఆటగాడికి, ఇంకొకటి కాలేజీకి. బుష్ ఆడింది లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాకి. అక్కడ ఎం.ఎస్. చేసిన మనవాళ్లు హెరిటేజ్ హాల్ లాబీలో ఈ బొమ్మల్ని చూసే ఉంటారు.

ఇంతకీ చేసిన తప్పేమిటి? ఇతను ప్రొఫెషనల్ అయ్యాక ఏజెంట్లుగా ఉండాలనుకున్న ఇద్దరు ఇతనికీ కుటుంబానికీ డబ్బూ వస్తువులూ ఇచ్చారనీ, తల్లిదండ్రులు శాన్ డియాగో దగ్గర వాళ్ల ఇంట్లో అద్దె కట్టకుండా ఉన్నారనీ ఎన్‌సీఏఏ తేల్చింది. కాలేజీ ఆటలకు నియమాలు రాసే సంఘం అది. వార్త బయటపడింది 2006లో, తీర్పు వచ్చింది 2010 జూన్‌లో.

ఇక్కడ చాలామంది పొరబడతారు. హైజ్‌మన్‌ని ఎన్‌సీఏఏ ఇవ్వదు, తీసుకోదు. అది హైజ్‌మన్ ట్రస్ట్ పని. కాకపోతే ఓటు వేసే కాగితం మీద ఒక షరతు ఉంటుంది: గెలిచినవాడు ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం అర్హుడైన విద్యార్థి అయి ఉండాలి. 2004 డిసెంబరు నుంచే బుష్‌కి అర్హత లేదని ఎన్‌సీఏఏ అనేసరికి, 2005 సీజన్ మొత్తం ఆ షరతుకి బయట పడింది. ట్రస్ట్ తీర్పు చెప్పేలోపే బుష్ తనంతట తనే ట్రోఫీ వదులుకున్నాడు.

ఆ షరతు ఎంత ఇరుకైనదో చూడాలంటే అదే యూఎస్‌సీకి ఆడిన ఓ.జే. సింప్సన్ ఉన్నాడు. 1968 విజేత. 2008లో సాయుధ దోపిడీ కేసులో దోషిగా తేలి జైలుకెళ్లాడు. అయినా విజేతల జాబితాలో పేరు చెక్కుచెదరలేదు, ఎందుకంటే కాలేజీలో ఆడిన నాటికి అర్హుడే. తుపాకులతో దోచినవాడి పేరు ఉంది, అద్దె కట్టని ఇంటి వల్ల ఇంకొకడి పేరు పోయింది. ఈ అవార్డు మంచి మనిషికిచ్చే బిరుదు కాదు, అర్హత పత్రం సరిగ్గా ఉన్న మంచి ఆటగాడికిచ్చేది. వాదించేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

నా మాట: ఏ నియమమైనా తప్పితే అవార్డు పోవాలనడం పొరపాటు, ఏది తప్పినా ఉండాలనడమూ పొరపాటే. ఆ తప్పు లేకపోయినా ఆ పరుగు ఆ పరుగే అయ్యేదా అన్నది చూడాలి. డోపింగ్‌లో కాదు. మందు కండలోకి వెళ్లింది, కండ బంతిని మోసింది. అందుకే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) కోడ్ ప్రకారం వ్యక్తిగత క్రీడల్లో పోటీలో ఇచ్చిన శాంపిల్ పాజిటివ్ వస్తే ఆ పోటీ ఫలితం దానంతటదే రద్దవుతుంది. పతకం, పాయింట్లు, బహుమతి డబ్బు అన్నీ పోతాయి. శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి ఆ తర్వాతి ఫలితాలు కూడా మామూలుగా పోతాయి. జట్టు ఆటల్లో ఇద్దరికి మించి దొరికితేనే జట్టుకి శిక్ష తప్పనిసరి. దొంగ వయసు పత్రం, ఇంకొకరితో రాయించిన ప్రవేశ పరీక్ష కూడా ఇదే కోవలోకి వస్తాయి. అవి లేకపోతే ఆ మనిషి ఆ మైదానంలోనే ఉండడు. మన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనూ అర్హత పత్రాలు అన్నిసార్లు తిరగేసేది ఇందుకే.

బుష్ తీసుకున్న డబ్బు ఆ కోవలోది కాదు. అద్దె కట్టకపోతే కాలు వేగం పెరగదు. ఎదుటి వాదనకు బలం లేదని కాదు. నియమం ఉందని తెలిసీ తీసుకున్నాడు, అదే సీజన్లో కాదని తిప్పి పంపినవాళ్లూ ఉంటారు, వాళ్లకి అన్యాయమే. దానికి జరిమానా వేయండి, సస్పెండ్ చేయండి.

పైగా ఈ శిక్ష ఎవరి మీద పడిందో చూడండి. తీర్పు వచ్చేనాటికి బుష్ న్యూ ఆర్లీన్స్ జట్టుతో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచేసి ఉన్నాడు. యూఎస్‌సీ కోచ్ పీట్ క్యారల్ అదే ఏడాది సియాటెల్ ప్రొఫెషనల్ జట్టుకి వెళ్లిపోయాడు. రెండేళ్ల పాటు బౌల్ మ్యాచ్‌లు (సీజన్ చివరి పెద్ద ఆటలు) ఆడకుండా నిషేధం, మూడేళ్లలో 30 స్కాలర్‌షిప్‌ల కోత మాత్రం, 2005లో ఇంకా స్కూల్లో చదువుతున్న పిల్లల నెత్తిన పడ్డాయి.

ఆలస్యం ఇంకో జబ్బు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచిన జిమ్ థోర్ప్, కార్లైల్ స్కూల్ విద్యార్థి. అప్పట్లో ఒలింపిక్స్ డబ్బుకి ఆడనివాళ్లకే. అంతకుముందు రెండు వేసవుల్లో డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని తర్వాతి ఏడాది పతకాలు లాక్కున్నారు. ఫిర్యాదు 30 రోజుల్లోపు రావాలన్న నియమం ఉన్నా, నెలల తర్వాత వచ్చినదాన్ని పట్టుకుని లాక్కున్నారు. రెండోస్థానం వాళ్లని మొదటికి ఎక్కించారు. దాంతో 1980ల్లో తప్పు దిద్దబోతే చిక్కొచ్చిపడింది: వాళ్ల స్వర్ణం లాక్కోలేరు. కాబట్టి థోర్ప్‌ని సహ విజేత అన్నారు. ఏకైక విజేత అని రాయడానికి 2022 జులై దాకా పట్టింది. హైజ్‌మన్ ట్రస్ట్ 2005 గడిని ఖాళీగా ఉంచింది, రెండోస్థానంలో ఉన్న విన్స్ యంగ్‌కి ఇవ్వలేదు. అందువల్లే 2024లో తిరిగివ్వడం తేలికైంది. అవార్డు కమిటీలు నేర్చుకోవాల్సిన కిటుకు ఇది: పతకం తీస్తే, డోపింగ్ లాంటివి తప్ప, కొన్నాళ్లు గడిని ఖాళీగా వదలండి.

తిరిగివ్వడానికి చెప్పిన కారణం కాలేజీ ఆటల్లో వచ్చిన మార్పు. బుష్ నిర్దోషి అని కాదు. 2021 జూన్‌లో, ఆటగాళ్లకిచ్చే ప్రయోజనాల మీద పరిమితుల గురించిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏని తప్పుపట్టింది. ఆ జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరూ ముఖమూ వాడుకుని సంపాదించుకోవచ్చు. 2025-26లో ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా 2.05 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. అయితే "ఇప్పుడైతే అది తప్పే కాదు" అనేవాళ్లు కాస్త తొందరపడుతున్నారు. ప్రకటనలో కనిపించి డబ్బు తీసుకోవడం వేరు, రేపు ఏజెంట్ కాబోయేవాడు ఇల్లు ఇవ్వడం వేరు. 2021లో ఎన్‌సీఏఏ కూడా పాత రికార్డులు తిరిగివ్వనంది.

ఆ రికార్డుల సంగతి మరీ విడ్డూరం. ఫోర్‌ఫిట్ అంటే గెలుపు ఎదుటి జట్టుకి వెళ్తుంది. యూఎస్‌సీకి వేసింది అది కాదు, వెకేట్: గెలిచినవాడి గెలుపు చెరిగిపోతుంది, ఓడినవాడి ఓటమి అలాగే ఉంటుంది. 2005 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో యూఎస్‌సీ ఓక్లహోమాని 55-19తో ఓడించింది. ఎన్‌సీఏఏ లెక్కలో ఆ మ్యాచ్ ఓడినవాళ్లున్నారు, గెలిచినవాళ్లు లేరు. మొత్తం 14 గెలుపులు ఇలా పోయాయి. అప్పట్లో కాలేజీ ఛాంపియన్‌ని తేల్చే ఏర్పాటైన బీసీఎస్, ఆ 2004 సీజన్‌కి తానిచ్చిన టైటిల్‌ని 2011లో వెనక్కి తీసుకుంది, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ మాత్రం తన టైటిల్‌ని యూఎస్‌సీకే ఉంచింది. ఒకే సీజన్, రెండు జవాబులు.

2005లో ఆ జట్టు 13 మ్యాచ్‌లాడి 12 గెలిచింది, చివరిదాంట్లో టెక్సస్ చేతిలో 41-38తో ఓడింది. ఓటమిని వెకేట్ చేయరు కదా. ట్రోఫీ తిరిగొచ్చాక కూడా యూఎస్‌సీ ఆ ఏడాది అధికారిక లెక్క 0-1.