గుమ్మం పక్కన మూడడుగులు

మా గుమ్మం పక్కన ఉన్న ఖాళీ మూడడుగుల వెడల్పు. 240 లీటర్ల చక్రాల చెత్త డబ్బా ఒక్కటి పెడితేనే దాదాపు రెండడుగులు పోతుంది. రెండోది కూడా పెట్టాక తలుపు సగమే తెరుచుకునేది. అమ్మ పక్కకి ఒరిగి లోపలికి వస్తుంటే మనసు చివుక్కుమనేది.

ఈ నెల పొడి చెత్త డబ్బా మొత్తం బయటికి తీసి చూశాను. సగానికి పైగా గాలే! అట్టపెట్టెలు విప్పి చదును చేసి, ప్లాస్టిక్ సీసాలు నలిపి మూత బిగిస్తే వారమంతటిదీ ఒక్క సంచిలో పట్టింది. ఆ సంచి ఇప్పుడు గోడ కొక్కేనికి వేలాడుతోంది. కింద తడి చెత్తకి ఒక చిన్న డబ్బా, అంతే.

అసలు బాధంతా ఆ తడి చెత్తతోనే. ఎండలో ఉన్నన్నాళ్లూ కంపు, ఈగలు. వేడికి ఈగ గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. మూత గట్టిగా పడాల్సిందే. డబ్బాని నీడకి జరిపాం, అడుగున పాత కాగితాలు మడతపెట్టి వేశాం, ఊట పీల్చుకుంటాయని. ఖాళీ అయిన రోజే కడిగి బోర్లించే పని నాన్న తీసుకున్నారు. కిటికీ కింద మాత్రం పెట్టకండి, దయచేసి.

నిన్న సాయంత్రం అమ్మ తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది.