చింతపండు, తాటిబెల్లం, టోఫు

ఆదివారం, రాత్రి.

చెల్లెలు పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేసి చాలా కాలమైంది. తను వచ్చినప్పుడల్లా అమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి, వంకాయ వేపుడు అన్నీ ఉత్సాహంగా వడ్డించి, చివర్లో పెరుగన్నం దగ్గరకు వచ్చేసరికి దిగులు పడుతుంది. పెరుగు కలపకుండా కంచం ముందు నుంచి లేచిన మనిషి అమ్మ లెక్కలో సగం ఆకలితో లేచినట్టే. అసలు పెరుగు ప్రసక్తే రాని వంట చేస్తే సరిపోతుంది కదా అని ఈ రోజు వంటిల్లు నేను తీసుకున్నాను. సోయా పాలతో చేసే టోఫు వేసిన థాయ్ నూడుల్స్, బాగా కారంగా.

థాయ్ వంటలో పాలకు పెద్దగా పని లేదు. కమ్మదనం కావలసిన చోట కొబ్బరిపాలో వేరుశనగలో ఆ బాధ్యత తీసుకుంటాయి. కాబట్టి నెయ్యి లేదన్న వెలితి అక్కడ పుట్టదు. చిక్కంతా చేపతోనే. చేపలను ఉప్పులో వేసి నెలల తరబడి పులియబెట్టి వడగట్టిన రసం వాళ్ళ వంటింట్లో మన ఉప్పు డబ్బా స్థానంలో ఉంటుంది. పైగా ఆల్చిప్పల సాసు, రొయ్యల ముద్ద. కూరగాయలు మాత్రమే కనిపించే పళ్ళెంలో కూడా ఇవి కనిపించకుండా కూర్చుంటాయి. నిన్న సాయంత్రం దుకాణంలో సీసాల వెనుక చిన్న అక్షరాలు చదువుతూ నిలబడితే పక్కనున్న పెద్దాయన నేను అక్కడి ఉద్యోగినేమో అనుకుని వెనిగర్ ఎక్కడుందని అడిగారు. శాకాహారమని చెప్పే పచ్చ చుక్క చూసి బుట్టలో వేసుకుంటే, చెల్లెలిలా పాలు, తేనె కూడా ముట్టని వీగన్లకు కుదరదు. పాలపొడి ఉన్నా ఆ చుక్క ఉంటుంది. వీగన్ ఆహారానికి మన ఆహార భద్రతా సంస్థ 2022లో వేరే నిబంధనలు తెచ్చి వేరే గుర్తు పెట్టింది గానీ, నేను వెతికిన అరలో ఆ గుర్తున్న సీసా ఒక్కటీ కనిపించలేదు. చదువుకోక తప్పదు.

చేప రసం బదులు నేను చేసింది ఇది. ఎండిన షిటాకే పుట్టగొడుగులను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీటిని సగానికి మరిగించి, సోయా సాసు, చిటికెడు ఉప్పు కలిపాను. వాసన చేపది కాదు, కానీ నాలుక వెనుక నిలిచే ఆ లోతైన రుచి మాత్రం దొరుకుతుంది. ఉత్త సోయా సాసుతో సరిపెడితే ఉప్పు తెలుస్తుంది గానీ ఆ లోతు రాదు.

థాయిలాండ్‌లో చేప లేకుండా వండడం కొత్త విషయమేమీ కాదు. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు, ముఖ్యంగా ఫుకెట్‌లో, శాకాహార పండుగ జరుగుతుంది. దుకాణాల ముందు పసుపుపచ్చ జెండాలు కడతారు. మాంసం, గుడ్లు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. చాలా ఏళ్ళు ఆ రోజులు మన దసరా నవరాత్రులతో కలిసే వస్తాయి, రెండూ అమావాస్య దాటగానే మొదలయ్యేవి కావడం వల్ల. ఈ సంగతి చెబితే అమ్మకు ఆ వంట మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది. "మరి నువ్వు వెల్లుల్లి దంచుతున్నావేమిటి?" అంది. ఇప్పుడు నవరాత్రులు కావని చెప్పాను.

నేను వండింది పాడ్ థాయ్ అనే వేయించిన నూడుల్స్ పద్ధతి. అదేదో తరతరాల ప్రాచీన వంటకమని అనుకుంటాం కానీ, నూడుల్సును బాణలిలో వేయించడం, టోఫు, రెండూ చైనా నుంచి వలస వచ్చినవారు తెచ్చినవే. 1938లో అధికారంలోకి వచ్చిన ఫిబున్ సొంగ్‌క్రామ్ ప్రభుత్వం మరుసటి ఏడాదే సియాం పేరును థాయిలాండ్‌గా మార్చింది. ఆ జాతీయతా ఊపులో నూడుల్స్ తినమని జనాన్ని ప్రోత్సహించింది, ఈ వంటకం దేశమంతా పాకింది. దాన్ని చైనా వంట నుంచి విడదీసేవి చింతపండు పులుపు, తాటిబెల్లం తీపి. ఫెచ్చబురి ప్రాంతం తాటిబెల్లానికి అక్కడ పేరుమోసింది, చెట్టు కూడా మన తాటిచెట్టే. ఆ బెల్లం కోసం నేను ఏ ఖరీదైన దుకాణానికీ పోలేదు. అమ్మ దగ్గు వస్తే వాడడానికి దాచుకున్న డబ్బాలోంచి తీశాను. అడిగే తీశాను.

చిక్కగా పిసికిన చింతపండు గుజ్జు, తరిగిన తాటిబెల్లం, పుట్టగొడుగుల రసం, మూడూ చిన్న గిన్నెలో కలిపి బెల్లం కరిగేదాకా కాచాను. పులిహోర పులుసులా నూనె తేలేదాకా ఉడికించనక్కర్లేదు. గరిటెకు పల్చగా అంటుకుంటే చాలు. చప్పరిస్తే ముందు పులుపు, వెంటనే తీపి, చివర ఉప్పు తెలియాలి. చెల్లెలు రుచి చూసి ఇంకొంచెం పులుపు అంది. మా ఇంట్లో ఎవరిని అడిగినా ఆ జవాబే వస్తుంది.

ఇక టోఫు. పనీరు దొరకనివాళ్ళు తినేది అన్నట్టు దాన్ని చూస్తారు, నాకది నచ్చదు. పనీరు పాల కొవ్వుతో తనంతట తానే రుచిగా ఉంటుంది. సోయా పాలను విరగ్గొట్టి, వడగట్టి, బరువు పెట్టి చేసే టోఫుకు సొంత రుచి దాదాపు లేదు. దాని గొప్పతనం పీల్చుకోవడంలో ఉంది. పాలకూరలో పనీరు బదులు వేసి, బాగా లేదని మొహం చిట్లించడం దాని తప్పు కాదు. ముందు లోపలి నీరు పోవాలి. గట్టి టోఫును పలుచటి గుడ్డలో చుట్టి, పైన పళ్ళెం, దాని మీద పొత్రం పెట్టి అరగంట వదిలేశాను. గుడ్డంతా తడిసిపోయింది. ఆ తరువాత వేలెడు ముక్కలు కోసి, ఉప్పు, మొక్కజొన్న పిండి పల్చగా పట్టించి, కొద్ది నూనెలో ఒక్కో వైపు కదపకుండా ఎర్రగా కాల్చాను. కదపకపోవడమే ముఖ్యం. మాటిమాటికీ తిప్పితే పైపొర పెనానికి అంటుకుని ముక్క చిదురైపోతుంది.

కారం సంగతి. అక్కడ నూడుల్స్ అంగళ్ళలో బల్ల మీద నాలుగు చిన్న పాత్రలు పెడతారు: పంచదార, చేప రసం, వేయించి దంచిన ఎండుమిర్చి, మిరప ముక్కలు వేసిన వెనిగర్. ఎవరి పళ్ళెం వాళ్ళు సరిచేసుకుంటారు. పాడ్ థాయ్ మామూలుగా అంత కారంగా ఉండదు, ఘాటు తినేవాళ్ళ ఇష్టం. నేను రెండు పనులూ చేశాను. వెల్లుల్లి, పచ్చిమిర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచి వంటలో వేయడానికి, గుంటూరు ఎండుమిర్చి నూనె లేకుండా నల్లమచ్చలు వచ్చేదాకా వేయించి పలుకులుగా దంచి పైన చల్లుకోవడానికి. ఎండుమిర్చి వేగుతుంటే ఇల్లంతా దగ్గింది, ఎదురింటివాళ్ళు తలుపు వేసుకున్నారు.

ఈలోగా బియ్యపు నూడుల్స్ చన్నీళ్ళలో నానుతున్నాయి. ఉడికించకూడదు. వేలికి చుట్టుకునేంత మెత్తబడి, కొరికితే మధ్యలో పచ్చిగా ఉండాలి. మిగతా ఉడుకు బాణలిలోనే పడుతుంది.

అసలు వంట నిమిషాల్లో అయిపోతుంది, మన చేతికి అలవాటు లేనిది అదే. వంకాయ కూరకు మూతపెట్టి, సెగ తగ్గించి, పేపరు తిరగేసి రావచ్చు. ఇక్కడ పక్కకు చూస్తే వెల్లుల్లి మాడుతుంది. అందుకే తరిగినవి, దంచినవి, కలిపినవి అన్నీ పొయ్యి పక్కన వరుసగా పేర్చుకున్నాను. ఇనుప మూకుడు పొగలు కక్కేదాకా కాలాక నూనె, దంచిన వెల్లుల్లి మిర్చి, వెంటనే నూడుల్స్, పులుసు. అట్లకాడతో ఎత్తెత్తి తిప్పాలి. పులుసు పీల్చుకున్నాక టోఫు, పెసర మొలకలు, ఉల్లికాడలు వేసి రెండుసార్లు తిప్పి దించాలి. అంగళ్ళలో ఉండే మంట మన గ్యాసు పొయ్యికి రాదు. అందరికీ కలిపి ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, నీరు ఊరి, నూడుల్స్ ముద్దవుతాయి. ఒక్కో పళ్ళెం విడిగా వండాను. "మేమంతా వరుసలో నిలబడాలా?" అని అమ్మ గొణిగింది గానీ, నిలబడింది.

మధ్యలో చెల్లెలు, థాయ్‌వాళ్ళు వేపుళ్ళలో తులసి కూడా వేస్తారటగా అని పెరటి వైపు చూసింది. నిజమే, వాళ్ళ వేపుళ్ళలో ఘుమఘుమలాడేది మన తులసి జాతే. అమ్మ ఏమీ అనకుండా వెళ్ళి పెరటి తలుపు గడియ పెట్టి వచ్చింది.

పైన కచ్చాపచ్చాగా దంచిన వేయించిన వేరుశనగపప్పు, నిమ్మచెక్క, మిరప పలుకులు. చెల్లెలు రెండోసారి పెట్టించుకుంది. టోఫు అంచులు కరకరలాడుతూ, లోపల పులుసు పట్టి, నేను అనుకున్నట్టే వచ్చింది. నూడుల్స్ మాత్రం ఇంకాస్త ముందే దించవచ్చు. అమ్మ సగం తిని, "బాగుంది, కానీ ఇది టిఫిన్" అని తేల్చి, గిన్నెలో అన్నం, పెరుగు తెచ్చుకుంది.

పులుసు ఒక సీసాకు మిగిలింది, ఫ్రిజ్‌లో పెట్టాను. సగం టోఫు కూడా ఉంది. నీళ్ళలో మునిగేలా ఉంచి, ఆ నీళ్ళు రోజూ మార్చాలి. రేపు దానితో తోటకూర పులుసు చేస్తానని అమ్మ అంటోంది. పులుసులో వేసే ముందు బరువు పెట్టి పిండమని మాత్రం చెప్పాను.