కొత్తపట్నం ఇసుకలో అవలాంచ్ సాధన: ఎందాకా వచ్చింది

ఫిబ్రవరిలో మనాలి పైకొండలకు వెళ్లేలోపు, అవలాంచ్ (కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడడం) కోసం ఒంగోలు బ్యాచ్ ఇక్కడి సముద్రపు ఒడ్డున చేయగలిగినంత సాధన చేసుకోవాలన్నది లెక్క. ట్రాన్స్‌సీవర్‌తో (మంచులో కూరుకుపోయిన మనిషి జాడను సిగ్నల్‌తో పట్టే, ఒంటికి కట్టుకునే పరికరం) వెతకడం దారికొచ్చింది. తవ్వడం సగంలో ఉంది. మంచు పొరలు చదవడం మాత్రం ఇంకా కాగితం మీదే.

పాతిపెట్టే ట్రాన్స్‌సీవర్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. స్టీలు టిఫిన్ డబ్బా అయితే సిగ్నల్‌ను బయటికి రానివ్వదు. ఆ డబ్బాను వరిగడ్డి కూరిన గోతంలో దూర్చి మీటరు లోతున పాతితే, ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ) తగిలినప్పుడు మెత్తగా ఎగదన్నుతుంది. మనిషి తగిలాడా, నేల తగిలిందా అన్న తేడా చేతికి అలవాటు కావాలంటే ఇది తప్పదు. అలల అంచున మాత్రం పాతొద్దు: ఉప్పునీటితో తడిసిన ఇసుక 457 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగేస్తుంది. ఒడ్డుకు ఎగువన పొడి ఇసుక మేలు. వెతికేటప్పుడు ఫోన్ కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చొక్కా జేబులో ఉంటే ట్రాన్స్‌సీవర్ మీద దూరం చూపే అంకెలు పిచ్చిగా ఆడతాయి.

అంకె 3 మీటర్లకు దిగగానే పరికరాన్ని నేలకు ఆనించి, తిప్పకుండా, నెమ్మదిగా జరపాలి. తొందరపడితే అసలు చోటు దాటిపోతుంది. అన్నిటికన్నా చిన్న అంకె వచ్చినచోట మొదలుపెట్టి, 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్లు చుట్టుకుంటూ ప్రోబ్ గుచ్చాలి. తగిలాక దాన్ని పీకొద్దు. ప్రోబ్‌కు దిగువగా, లోతుకు ఒకటిన్నర రెట్ల దూరం నుంచి తవ్వుకుంటూ రావాలి. ఈ పనికి పొడి ఇసుక పనికిరాదు, తీసినంతా మళ్లీ జారుతుంది. తడి ఇసుకలో తవ్వినా తేలికే. నిజం అవలాంచ్ మంచు ఆగగానే గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పార విరుగుతుంది, లోహపుదే కొనండి.

వాలు కొలవడం ఉదయగిరి కొండ మీద కుదురుతుంది. ఫోన్‌ను నేరుగా రాతిమీద పెడితే గుంతలవల్ల కోణం తప్పుతుంది. ట్రెక్కింగ్ కర్రను వాలు వెంట పడుకోబెట్టి దానిమీద పెట్టండి. 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలులే ఎక్కువగా జారతాయి.

ఇక పొరల పరీక్ష. వాలుకు అడ్డంగా 90, వాలు వెంట 30 సెంటీమీటర్ల దిమ్మెను ముడులు వేసిన తాడుతో కోసి విడదీయడం తడి ఇసుకలో నేర్చుకోవచ్చు. ఒక చివర పార పెట్టి మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు. చెయ్యి దాని బరువుకే పడాలి, నొక్కకూడదు. పగులు పుట్టిన దెబ్బకో, ఆ మరు దెబ్బకో ఆ పగులు దిమ్మె అవతలి చివరిదాకా పాకితే ఆ వాలు వదిలేయాలి. పాకలేదు కదా అని ఎక్కేయడమూ తప్పే: పది గజాల అవతల పొర వేరుగా ఉండొచ్చు. అడుగేస్తే కింద ధుమ్మని కుంగిన చప్పుడు, కాలి ముందు పరుగెత్తే పగులు, ఈ రెండిటి ముందు ఏ గుంత పరీక్షా లెక్కలోకి రాదు.

ఇసుకలో రానిది బలహీన పొర. పలచటి మంచులో 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీకి మించి ఉష్ణోగ్రత తేడా ఉంటే, లోపలి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా పంచదార పలుకుల్లా విడిపోతాయి. దాన్ని మనాలిలోనే మంచులో గుంత తవ్వి, చేత్తో తీసుకునే చూడాలి.

సాధన అవగానే బ్యాటరీలు తీసేయండి. లోపలే ఉంచేస్తే లీకై కాంటాక్టులు పాడవుతాయి.