తొమ్మిది, రెండు, ఆరు, మూడు

మన నృత్య పాఠశాల బ్యాచ్ సంచికకు నాలుగు మాటలు రాసి పంపమని కార్యవర్గం వారు కోరారు. మొదటి రెండేళ్ల గురించి నేను రాయబోవడం లేదు. కింది స్టూడియో సంగతులు, వర్షం వచ్చిన రోజు ప్రదర్శన సంగతి మనలోని ‘మూడో అద్దం’ జట్టు నాకన్నా ఎంతో బాగా రాస్తుందని నాకు తెలుసు. నాకు రాయాలని ఉన్నది ఆఖరి ఏడాది గురించి, అందులోనూ మాత్రలు లెక్కపెట్టించి నృత్యం నేర్పిన మన ‘లెక్కల మాస్టారి’ గురించి.

‘తొమ్మిది, రెండు, ఆరు, మూడు, నాలుగు, ఐదు, మూడు’ అని ఎవరైనా మొదలుపెడితే మన బ్యాచ్‌లో ఎవరి మడమా ఇప్పటికీ ఊరుకోదు. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే ‘ద రైట్ ఆఫ్ స్ప్రింగ్’ (వసంత క్రతువు)లో తంత్రీవాద్యాలు ఒకే స్వరగుచ్ఛాన్ని, అంటే కలిసి మోగే కొన్ని స్వరాలను, 32 మాత్రల (తాళపు లెక్కల) పాటు ఆపకుండా మోగిస్తాయి. ఆ అంకెలు ఈ మాత్రల లెక్కే. మొదటి తొమ్మిది మాత్రల్లో ఊనిక, అంటే గట్టి దెబ్బ, ఎక్కడా ఉండదు. పదో మాత్ర మీద మొదటి దెబ్బ పడుతుంది, ఆ తరువాత ఏ దెబ్బా మనం ఎదురుచూసిన చోట పడదు. ఎనిమిది హార్న్‌లు (ఇత్తడి ఊదువాద్యాలు) ఆ ఊనికలతో గొంతు కలుపుతాయి. మాస్టారు ఈ 32 మాత్రలను పియానో లేకుండా, చప్పట్లు లేకుండా, కేవలం మడమలతో నేర్పారు. లెక్క ఒంటబట్టాకే సంగీతం వినిపించారు. అప్పటికి ఆ సంగీతం మనల్ని బెదిరించలేకపోయింది. చూడవచ్చిన వాళ్లను మాత్రం బెదిరించింది.

ఆ నృత్యంలో బలికి ఎంపికైన కన్య పాత్ర అందరికీ కావాలి. అది ఎవరికి దక్కిందో, ఆ సాయంత్రం ఎవరు ఎవరితో మాటలు మానేశారో మళ్లీ తవ్వను. అయితే ఆ పాత్రకు మాస్టారు కేటాయించిన సమయం తక్కువ. ఆమె చుట్టూ వృత్తంలో నిలబడేవాళ్ల మీదనే ఆయన దృష్టంతా ఉండేది. ఒక్కొక్కరి వెనక్కు వచ్చి, భుజాల మధ్య అరచేయి ఆనించి, ఊపిరి ఎక్కడ ఆగిందో చూసేవారు. మనం కనుబొమలు ముడిచి, పిడికిళ్లు బిగించి క్రూరత్వం అభినయిస్తుంటే ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “కోపం నటించకండి. ఆ అమ్మాయి మీద మీకు ద్వేషం లేదు. మీ వంతు రాలేదని ఊపిరి పీల్చుకున్నారు, అంతే.” ఆ తరువాత మన ఊపిరి ఏ మాత్ర మీద బయటికి రావాలో కూడా లెక్కగట్టి ఇచ్చారు. హింసను గురించి నేను విన్నవాటిలో ఇంతకన్నా నిజమైన మాట మరొకటి లేదు.

1913 మే 29న పారిస్‌లో ఆ నృత్యం మొదటిసారి ప్రదర్శితమైనప్పుడు ప్రేక్షకుల కేకలకు వాద్యబృందం వినిపించక, దాన్ని కూర్చిన నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి నర్తకులకు అంకెలు అరిచి చెప్పిన కథ మాస్టారి నోట ఎన్నిసార్లు విన్నామో! ఆయనకు ఆ గలభా కన్నా ఆ అంకెలే ముఖ్యం. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది కనుక ఆ నృత్యాన్ని జోస్యమని కొందరు అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆ కథలో ప్రతినాయకుడు లేడు. కన్య మీద ఎవరూ చెయ్యి చేసుకోరు. పెద్దలు చుట్టూ నిలబడి చూస్తుండగా ఆమె తనంత తానే చనిపోయేదాకా ఆడుతుంది. ఇది జరగడానికి యుద్ధం అక్కరలేదు.

జర్మన్ నృత్యకారుడు కుర్ట్ యోస్ గురించిన పాఠం కూడా మన ఆఖరి ఏడాదిదే. 1932లో ఆయన రూపొందించిన ‘ద గ్రీన్ టేబుల్’లో నల్లకోట్లు, ముసుగులు ధరించిన పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి వాదించుకుంటారు, పిస్తోళ్లు పేలుతాయి, మృత్యువు సైనికుడినీ, తల్లినీ, పారిపోతున్నవాళ్లనూ ఒక్కొక్కరిగా తీసుకుపోతుంది, చివరికి అదే బల్ల, అవే వాదనలు. మృత్యువు పాత్రను యోస్ స్వయంగా ధరించేవారు. యూదులైన సహచరులను తొలగించమని నాజీలు ఒత్తిడి చేస్తే లొంగక 1933లో ఆయన జర్మనీనే విడిచి వెళ్లారు. ఆ సహచరుల్లో ఈ నృత్యానికి సంగీతం కూర్చిన ఫ్రిట్జ్ కోహెన్ ఒకరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యోస్ తిరిగివచ్చి జర్మనీలోని ఎస్సెన్‌లో పాఠాలు చెప్పినప్పుడు ఆయన దగ్గర చదువుకున్న నృత్యకారిణి పినా బౌష్, 1975లో స్ట్రావిన్‌స్కీ ‘రైట్’ సంగీతానికే రంగస్థలమంతా మట్టి పరిచి నృత్యం కూర్చారు. ఎర్రని దుస్తు ఒక స్త్రీ చేతిలోంచి మరొకరి చేతిలోకి మారుతుంటే, దాన్ని అందుకోవడానికి ప్రతి ఒక్కరూ భయపడతారు. ఆ దుస్తును చూసిన రోజున మాస్టారి వృత్తం నాకు పూర్తిగా అర్థమైంది. (మట్టి కోసం మనం పెట్టుకున్న అర్జీ కథ మన బ్యాచ్ ‘జంట కవులు’ రాయకపోతే నేను ఊరుకోను.)

ఇప్పుడు నేను చేస్తున్న పని మీలో కొందరికి తెలుసు. నాకంటూ ఒక చిన్న బృందం ఉంది. వాళ్లందరికీ నెలనెలా జీతం ఇవ్వగలుగుతున్నాను, మన రంగంలో అది ఎంత మాటో మీకు చెప్పనక్కరలేదు. మేము ఎక్కువగా ఆడిన నృత్యం సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్ (నాలుగు తంత్రీవాద్యాల రచన) మీద కూర్చినది. 1960లో, రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన జర్మన్ నగరం డ్రెస్డెన్ సమీపంలో, మూడు రోజుల్లో ఆయన దాన్ని రాసి, ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవారికి అంకితమిచ్చారు. అయిదు భాగాలూ విరామం లేకుండా సాగుతాయి. నాలుగో భాగంలో సన్నగా సాగే ఒకే స్వరం మీద మూడు దెబ్బలు పడతాయి. వాటిని అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టిన చప్పుడుగా వినేవాళ్లు చాలామంది. కుర్రవాళ్లు ఆ చోట ఉలిక్కిపడాలని ఉత్సాహపడతారు. నేను ఒప్పుకోను. పక్కింటి తలుపు తట్టారని తెలిసినవాళ్లలాగా వరుసగా నిలబడి, మూడో దెబ్బ తరువాత లెక్క ప్రకారం ఊపిరి వదలమంటాను.

క్రితం ఏడాది ప్రదర్శనకు మాస్టారు వచ్చారు. రెండో వరుసలో కూర్చుని ఆద్యంతం చూశారు. ఆయన పాదాలకు నమస్కరించి లేచేసరికి నా బృందమంతా వెనుక నిలబడి ఉంది. మాస్టారు వాళ్ల వంక ఒకసారి చూసి, “ఎడమ నుంచి మూడో అమ్మాయి ఊపిరి ఒక మాత్ర ముందు వదిలింది” అన్నారు. ఆ అమ్మాయి వెంటనే “అవును మాస్టారూ” అంది. మరునాటి రిహార్సల్లో ఆ ఒక్క మాత్ర కోసం ఉదయమంతా పనిచేశాం, అది కుదిరింది.